చెవి వెనక చుక్క

పోయిన వారం అనితను తన చిన్న పార్లర్ల, సగం దించిన షట్టర్ కాడ నిలవెట్టి వచ్చినం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పన్నెండు దినాలు. మానుకోట స్టేషన్ రోడ్డు మీద రాస్తారోకో, నడిరోడ్డు మీదనే వంటావార్పు. ఆ పొయ్యిల ముందట ఒక ఎర్ర కారు ఆగింది, అందుల నుంచి శ్రీలత దిగింది. జనగామల పెద్ద బ్యూటీ పార్లర్ నడిపే శ్రీలత. ఆమె దగ్గరనే అనిత ఎనిమిదేండ్లు పని చేసింది. ఆమె చేతులల్లనే అనిత చెల్లె కల్యాణి మొఖం ఖరాబైంది. ఏడాదిన్నర సంది అనిత ఎవరి పేరు తలుసుకుంట పండ్లు కొరుకుతున్నదో, ఆ మనిషి నడుం వంచి షట్టర్ కింద నుంచి లోపలికొచ్చి, కొంగు సదురుకొని నవ్వింది.

ఆ నవ్వు కాడ ఆపినం. ఇగ వినున్రి.

"ఏందే అనితా, గుర్తువట్టలేదా నన్ను?" అన్నది శ్రీలత.

గుర్తువట్టకపోవుడేంది! కండ్లు మూస్తే కనవడే మొఖమాయె. నోటిదాక వచ్చిన తిట్టును అనిత మింగింది. "రా మేడం, కూసో" అన్నది. ఎనిమిదేండ్ల అలవాటు, ఒక్కనాడు పోతదా? ఆ మేడం అన్న మాటకు తనను తనే తిట్టుకున్నది.

శ్రీలత కుర్సీల కూలవడి అద్దంల చూసుకున్నది. కరెంటు లేదు. బొగ్గు బాయిలు బందువెట్టినకాడ నుంచి కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దేవునికే ఎరుక. షట్టర్ కింద నుంచి వచ్చే మధ్యాహ్నపు వెలుగే దిక్కు. ఆ వెలుగుల కూడ ఆమె చెంపల మీద పొట్టు లేసింది కనవడుతనే ఉన్నది.

"రేపు పొద్దుగాల పది గంటలకు హన్మకొండల టీవీవాళ్ల లైవు. ఉద్యమంల ఆడోళ్ల గురించి నేను మాట్లాడాలె. ఎండల మీటింగులు తిరిగి తిరిగి మొఖం గిట్లయింది. నీ దగ్గర నత్త ఫేషియల్ ఉన్నదట గదా? బచ్చన్నపేట కాడి నుంచి భూపాలపల్లి దాక అదే ముచ్చట. కారు కదిలేలోపు నాకు చెయ్యి."

చెయ్యి, అన్నది. అడుగుడు లేదు, బతిలాడుడు లేదు.

పైగ ఆమె నోట్ల 'గిట్ల' అన్న మాట చూసిన్రా? జనగామ పార్లర్ల అనిత ఒకనాడు కస్టమర్ ముందట 'గిట్ల కూసోండ్రి' అన్నదని, అందరు చూస్తుండంగ గోడకు మొఖం పెట్టి నిలవెట్టింది గీ మనిషే. "సినిమాల మాట్లాడినట్టు మాట్లాడాలి. మీ తండా మాటలు తండాలో పెట్టుకొని రా" అన్నది. ఇయ్యాల స్టేజీ ఎక్కి, 'మన యాసే మన ఇజ్జత్' అని మైకు పట్టుకుంటున్నది. చప్పట్లు కొట్టేటోళ్లకు ఏమెరుక!

లోపలి గదికి పరదా కట్టి ఉన్నది. పరదా వెనక కల్యాణి తువ్వాలలు పిండుతున్నది. శ్రీలత గొంతు ఇనంగనే ఆ నీళ్ల సప్పుడు ఆగిపోయింది. అది శ్రీలతకు తెలువది. అనితకు తెలిసింది.

కల్యాణి పాటగత్తె. డిగ్రీ రెండో ఏడు చదువుకుంట, మరిపెడ కాడి తండా నుంచి ఉద్యమ ఆటపాటల ధూంధాం స్టేజీల మీదికి పోయిన పిల్ల. గజ్జె కట్టి గొంతెత్తిందంటే ముసలోళ్లు కూడ లేసి నిలవడేటోళ్లు. ఆ పిల్ల చామనఛాయకు ఏం తక్కువైందని? కానీ అనితే ఒకనాడు చెల్లెను జనగామకు తోల్కపోయి శ్రీలత ముందట కూసోవెట్టింది. శ్రీలత తెల్ల డబ్బల నుంచి, పేరు లేని డబ్బల నుంచి, అందుల ఏముండేదో అనితకు కూడ చెప్పని డబ్బల నుంచి, 'గ్లో క్రీమ్' తీసి రాసింది. "స్టేజీ లైట్లల్ల మెరుస్తవే పిల్లా" అన్నది. నెల దినాల్ల నిజంగనే తెల్లగయింది. తండా అంత వచ్చి చూసింది. అనిత సంబురపడ్డది. ఆ సంబురం తలుసుకుంటే ఇప్పటికీ ఆమెకు తన చెంపలు తనే వాయించుకోబుద్ధయితది.

రెండో నెల ఒక్క పూట క్రీమ్ రాయకపోతే మంట. మూడో నెల తోలు పల్చవడి ఎర్ర నరాలు తేలినయి, గదువ మీద నూగు మొలిచింది. హన్మకొండల చర్మం డాక్టరు చూసి నెత్తి కొట్టుకున్నడు. "ఇది స్టిరాయిడ్ తల్లీ. ఎవరు రాసిన్రు?" అన్నడు. అనిత పోయి శ్రీలతను అడిగితే ఏమన్నదో తెలుసా? "నీ చెల్లె ఎండల ఎగిరి ఖరాబు చేసుకున్నది. తండాల సబ్బు, నీళ్లు సరిగ్గ ఉంటయా?" అన్నది. కస్టమర్ల ముందటనే అన్నది. ఆ పొద్దే అనిత పని ఇడిసిపెట్టింది. కల్యాణి స్టేజీ ఇడిసిపెట్టింది, కాలేజీ ఇడిసిపెట్టింది, మొఖానికి చున్నీ చుట్టుకున్నది. అనిత మొగడు సుభాష్ మానుకోటల మందుల షాపు పెడ్తె, అదే గల్లీల అనిత ఈ పార్లర్ తెరిచింది, కల్యాణి ఈ పరదా వెనక చేరింది.

మరి నత్త ఎక్కడిది అంటరా? అది రూతు పుణ్యం. రూతు భూపాలపల్లి దిక్కు ఘనపూర్ పిల్ల, హాస్టల్ల అనితది ఆమెది పక్కపక్క మంచాలు. ఇప్పుడు సింగపూర్ల నర్సు. కల్యాణి సంగతి ఫోన్ల విని ఏడ్చింది. ఏడ్చి ఊకోలేదు, కొరియా దేశం నుంచి వచ్చే నత్త జిగురు డబ్బలు నాలుగు పంపింది, అయిపోయినప్పుడల్ల మళ్ల పంపుతున్నది. అనిత తల్లి లచ్చి ఆ డబ్బ మీది బొమ్మ చూసి, "పొలం గట్టు మీద కాలికింద పడేదాన్ని డబ్బల పెట్టి ఇమానంల పంపిన్రా!" అని కడుపు పట్టుకొని నవ్వింది. పట్టుకొచ్చి రాస్తె అయిపాయె గదా అని కూడ అన్నది. రూతు ఫోన్ల మొత్తుకున్నది. "వద్దవ్వా! గట్టు మీది నత్తల పురుగులుంటయి, రోగాలుంటయి. గిది శుద్ధి చేసి వడగట్టింది" అని.

డాక్టరు ఆ క్రీమ్ మెల్లమెల్లగ మానిపించిండు, మందులిచ్చిండు. జిగురు సంగతి చెప్తే సరే రాయమన్నడు. ఆ మందుల మీద ఈ జిగురు. పొద్దుగాల, మాపటీలి. తొమ్మిది నెలలకు కల్యాణి చెంపల ఎరుపు సగానికి సగం దిగింది. చున్నీ ఇంట్ల తీసింది. బయట మాత్రం తీయలే. పార్లర్కొచ్చేటోళ్లకు లచ్చి ఆ ముచ్చట చెప్పింది, అంతే, మానుకోట ఆడోళ్లంత అనిత షట్టర్ ముందట నిలవడ్డరు.

అట్ల వచ్చిందే 'దిష్టిచుక్క'. రూతు గట్టిగ చెప్పింది, కొత్తగ వచ్చినోళ్లకు మొఖానికి రాసే ముందు చెవి వెనక చుక్కంత రాసి ఒక దినం చూడాలె, దురద, దద్దు లేవకుంటేనే రాయాలె అని. మొదటిసారి ఒక ముసలామెకు అనిత చెవి వెనక చుక్క పెడ్తె, "దిష్టి తగలకుండనా బిడ్డా?" అని అడిగింది. అనిత నవ్వి, "ఔనవ్వా" అన్నది. ఇగ పట్నమంత అదే పేరు. 'దిష్టిచుక్క పెట్టించుకున్నవా?' అని ఒకరినొకరు అడుగుడు. అనిత కూడ దిద్దలే. ఏ పేరైతేంది, పని జరిగితే చాలనుకున్నది.

రూతు ఇంకో మాట కూడ చెప్పింది. "రొయ్యలు, ఎండ్రికాయలు పడనోళ్లకు నత్త కూడ పడకపోవచ్చు. గసొంటోళ్ల దగ్గరికి డబ్బ కూడ తీస్కపోకు" అన్నది.

శ్రీలతకు రొయ్యలు పడయి.

పార్లర్ పెట్టి ఐదేండ్లయిన పండుగనాడు, ఎవరో కస్టమర్ కాకినాడ రొయ్యల పచ్చడి తెస్తే, శ్రీలత ఒక్క ముద్ద తిన్నది. పావుగంటల మొఖం బూరెలెక్క పొంగింది, కండ్లు మూతవడ్డయి, ఊపిరి ఆడలే. ఆటోల ఆమె తల ఒడిల పెట్టుకొని దవాఖానకు ఉరికింది అనితనే. సూది పొడిస్తే గని నిమ్మళం కాలే. ఆ పానం నిలవెట్టింది ఈ చేతులే, చూసిన్రా!

ఇప్పుడు ఆ మొఖమే, వాల్చిన కుర్సీల, ఈ చేతుల ముందట వెల్లకిల పండి ఉన్నది.

అనిత గుండె దడదడ కొట్టుకున్నది. భయం కాదు. ఏడాదిన్నర అడిగిన వరం నడిచి వచ్చి కుర్సీల కూసున్నంక ఎవరికైన గట్లనే కొట్టుకుంటది. సచ్చిపోవాలని ఆమె కోరలే, ఒట్టు. రేపు పది గంటలకు టీవీ ముందట ఈ మొఖం ఉండొద్దు. చున్నీ చుట్టుకొని తిరగాలె. నాలుగు దినాలు తిరిగినా చాలు, కల్యాణికి ఎట్లుంటదో తెలుస్తది. అంతే అనుకున్నది.

కానీ పని నేర్చిన చెయ్యి ఒకటుంటది గదా. ఆ చెయ్యి ఊకోలే. డబ్బ మూత తీసి, వేలి మీద చుక్క తీసుకొని, శ్రీలత చెవి దిక్కు వంగింది.

"మేడం, మొదలు చెవి వెనక చుక్క పెడ్త. రేపు ఈ యాళ్లకు రా, చూసి..."

శ్రీలత చెయ్యితోని తోసేసింది. "దిష్టిచుక్కనా? ఇన్న, ఇన్న. మానుకోటల ఎవలో తండా పిల్ల నత్తలు రాసి దిష్టిచుక్కలు పెడ్తదని నవ్వుతుంటే, మన అనితనే అయితదనుకున్న. నేను ఊరూరు తిరిగి మూఢనమ్మకాలు ఇడువున్రని చెప్పేదాన్నే! నాకు దిష్టి పెట్టేటోడు ఇంకా పుట్టలే. రేపు లేదు, ఎల్లుండి లేదు. మొఖానికి రాయి."

ఒక్క మాట. 'అది దిష్టికి కాదు మేడం, నీకు రొయ్యలు పడయి గదా, అందుకే' అన్న ఒక్క మాట. అనిత నాలుక మీద అది పూర్తిగ తయారై ఉన్నది.

"ఖాయంగ వద్దంటవా?" అన్నది అనిత.

"వద్దన్న గదనే! తండాలోళ్లకు పెట్టుకో నీ చుక్కలు."

"నీ ఇష్టం మేడం."

తండా అన్నది చూడు, ఇగ ఆ ఒక్క మాట కూడ అనిత మింగేసింది. మింగి, కమ్మగ నవ్వింది.

కుర్సీ పక్క బకిట్ల నుంచి నీళ్లు తీసి, సబ్బు నురగతోని మొఖం కడిగింది. తువ్వాలతోని ఒత్తింది కానీ పూర్తిగ తుడవలే. "మొఖం జర తడిగున్నప్పుడే రాయాలె మేడం, అప్పుడే మంచిగ పట్టుకుంటది" అన్నది. శెనగగింజంత తీసి రెండు అరచేతుల నడుమ సాగదీసింది. తెల్లగ తీగలు సాగినయి. నుదురు, చెంపలు, గదువ మీద వేళ్ల కొసలతోని తట్టుకుంట అద్దింది. రుద్దలే. శ్రీలత కండ్ల మీద తడి పత్తి పెట్టింది.

"చల్లగున్నదే! మంచిగున్నది" అన్నది శ్రీలత. "దీంతోని ఏమేమైతదో చెప్పు."

అనిత చెప్పింది. ప్రతి మాటా నిజమే, అందుకే చెప్పబుద్ధయింది. "తోలుల తడి పట్టి ఉంచుతది మేడం. ఎండకు పొట్టు లేసింది తగ్గుతది. పగుళ్లు మానుతయి. మొటిమల మచ్చలు మెల్లగ పల్చవడుతయి, నెలలు పడుతది. దీని మీద వేరే క్రీమ్ పూసుకుంటే తడి ఇంకా ఆగుతది. కానీ ఇది తెల్లగ చెయ్యది. మానిపేది ఇది. నీ డబ్బ లెక్క కాదు."

శ్రీలత పెదవి కొస వంకరయింది. "ఇంకా ఆ డబ్బ మీదనే ఉన్నవా?"

"ఎక్కడికి పోత మేడం! మా చెల్లె మొఖం ఇంట్లనే ఉన్నది గదా, రోజు కనవడుతది."

"నేను వందమందికి రాసిన. అందరికి కాలే. మీ పిల్లదే సుతిమెత్తని తోలు. దానికి నేనేం చెయ్యాలె?" శ్రీలత కుర్సీల కదిలింది, చెంప మీద గీకబోయింది. "జర చురచురమంటున్నదే."

"పట్టుకుంటున్నది. ఓపిక పట్టు."

అనిత స్టూలు జరుపుకొని ఎదురుంగ కూసున్నది. బయట రోడ్డు మీద డప్పులు మోగుతున్నయి, ఎవరో పాట అందుకున్నరు. కల్యాణి పాడే పాటే. పాడేది కల్యాణి కాదు. అనిత ఆ మొఖాన్నే చూసుకుంట కూసున్నది. కండ్ల కింద ఎర్రగ మచ్చ లేసింది. చెంప మీద ఇంకోటి. రెండు కలిసి ఒకటయినయి. ఎంత చూసినా తనివి తీరలే, నిజం చెప్తున్న. కోపం తీరుతుంటే మనిషికి అంత హాయిగుంటదని ఆమెకు అప్పటిదాక తెలువది.

"అనితా, దురద!" శ్రీలత పత్తి పీకి పారేసి లేసి కూసున్నది. అద్దంల చూసుకున్నది. కండ్లు చీలికలైనయి. కింది పెదవి బయటికొచ్చింది. "ఏంది గిది? ఏం రాసినవే? గిది... గిది రొయ్యలప్పుడయినట్టు..."

"ఔ మేడం. రొయ్యలు పడనోళ్లకు నత్త పడది."

"నీకు తెలుసు! ఆటోల నువ్వే గద..."

"నాకు తెలుసు. అందుకే చుక్క పెడ్తనన్న. అది దిష్టికి కాదు. పడుతదో పడదో చూసుటానికి. తండాలోళ్లకు పెట్టుకొమ్మన్నవు. పెట్టినమమ్మా, ఒక్కరికి కూడ గిట్ల కాలే."

శ్రీలత బకిటు దిక్కు లేసింది. అనిత బకిటు ముందట నిలవడ్డది. శ్రీలత పొడుగు మనిషే కానీ, పదేండ్లు తలలు రుద్దిన అనిత చేతులు గట్టివి. భుజం మీద చెయ్యేసి మళ్ల కుర్సీలనే కూసోవెట్టింది.

"నీళ్లు పొయ్యే! సూది తెప్పియ్యే! నీ కాల్మొక్త!"

ఎనిమిదేండ్లల్ల ఆ నోటి నుంచి 'జర' అన్న మాట కూడ రాలే అనితకు. ఇప్పుడు కాల్మొక్త అంటున్నది. అనిత ఫోన్ తీసి, మాటలు రికార్డయ్యేటట్టు నొక్కి, అద్దం ముందట పెట్టింది.

"పోస్త. తెప్పిస్త. దవాఖానకు నేనే తీస్కపోత, మొదటిసారి తీస్కపోయినట్టే. మొదలు చెప్పు. కల్యాణికి రాసిన డబ్బల ఏముండె? నీ నోటితోని చెప్పు. రేపు పది గంటలకు టీవీల నీ మొఖం బదులు నీ గొంతే ఇనవడాలె."

"స్టిరాయిడ్... స్టిరాయిడ్ ట్యూబులే. పిండి కోల్డ్ క్రీమ్ల కలిపేటోళ్లం. చాలా? పొయ్యి నీళ్లు!"

"తెలిసే రాసినవు?"

"తెలుసు! తెలుసు!" శ్రీలత గొంతు బొంగురువోయింది. మెడ మీద గోర్లతోని గీక్కుంటున్నది. "కానీ నా ఒక్కదానిదే పాపమా? నాకు ట్యూబుల పేర్లేం తెలుసు? తెచ్చి ఇచ్చినోన్ని అడగవా?"

"ఎవడు తెచ్చిండు?"

శ్రీలత ఆ వాచిన కండ్లతోనే అనితను చూసింది. ఆ చూపుల భయం ఉన్నది, భయం పక్కన ఇంకోటి కూడ ఉన్నది. పడిపోతున్నోళ్లు పక్కోళ్ల కొంగు పట్టి గుంజేటప్పుడు ఉంటది చూడున్రి, అది.

"నిజంగనే ఎరుక లేదా నీకు? మీ ఆయన. సుభాష్."

అనిత చెయ్యి శ్రీలత భుజం మీది నుంచి జారిపోయింది.

"అబద్ధం."

"జనగామల మందుల ఏజెన్సీల పని చేసేటప్పుడు, నువ్వు ఇంటికి పోయినంక డబ్బలకు డబ్బలు తెచ్చేటోడు. లేబుళ్లు పీకి మరీ తెచ్చేటోడు. గీ మానుకోటల సొంత మెడికల్ షాపు ఊకెనే పెట్టిండనుకున్నవా?" ఊపిరి అందక ఆగింది, ఎగపోసింది. "కొత్త సరుకు వచ్చింది, జర ఘాటు ఎక్కువున్నదన్నడు. కస్టమర్ల మీద వద్దు, పేరు పోతదన్న నేను. అప్పుడు ఆయననే అన్నడు... మొదలు మా మరదలు మీద చూడున్రి. ఇంటి పిల్ల, ఏమన్నయితే బయటికి రాదు అని."

అనితకు బయటి డప్పులు ఇనవడుడు ఆగిపోయింది. అబద్ధమని మళ్లొకసారి అనబోయింది. కానీ అదే టైములకు ఆ మాపు కండ్ల ముందటికొచ్చింది. జనగామ కిరాయింట్ల అన్నం తినుకుంట సుభాష్ అన్నడు, "మీ మేడం కాడ కొత్త క్రీమ్ వచ్చిందట. కల్యాణిని ఒకసారి తోల్కపోరాదు? స్టేజీల మీద తిరిగే పిల్లాయె." మరదలంటే ఎంత ప్రేమనో అని మురిసిపోయి, పెరుగు ఇంకో గరిటె ఏసింది తను. హన్మకొండ డాక్టరు కాడికి తోల్కపోయింది ఆయననే. కల్యాణి ఏడిస్తే, "ఆ శ్రీలతను ఇడిసిపెట్టొద్దు" అని పండ్లు నూరింది ఆయననే. ఏడాదిన్నర ఇద్దరు కూసొని ఒక్క మంట కాడనే చలి కాగినమనుకున్నది అనిత. థూ!

బకిటెత్తి శ్రీలత మొఖం మీద నీళ్లు కుమ్మరించింది. మగ్గు మీద మగ్గు పోసింది. సబ్బు పెట్టి కడిగింది, మళ్ల కడిగింది. జాలితోని కాదు. ఈ నోరు మూతవడొద్దు. ఈ నోరు ఊరందరి ముందట, పెద్దమనుషుల ముందట, సుభాష్ కండ్ల ముందట ఇదే మాట మళ్ల చెప్పాలె. ఏమైనా సరే ఈమె బతకాలె, అనుకున్నది అనిత.

"మాట్లాడు! ఇంకేం తెచ్చిండు? ఎవరెవరికి ఇచ్చిండు?"

శ్రీలత నోరు తెరిచింది. నాలుక మందమై మాట రాలే. గొంతుల నుంచి పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నగ ఈల సప్పుడొచ్చింది. రెండు చేతులతోని అనిత చెయ్యి పట్టుకున్నది. ఆటోల ఆనాడు పట్టుకున్నట్టే పట్టుకున్నది.

పరదా జరిగింది. కల్యాణి నిలవడ్డది. చున్నీ లేదు. చేతుల ఫోన్ ఉన్నది.

"అక్కా..."

"ఇన్నవా? అంత ఇన్నవా?"

"ఆమె కాల్మొక్త అన్నప్పుడే నాకు భయమైంది అక్కా. సచ్చిపోతదేమోనని... నిన్ను జైలుకు తోలుతరని..." కల్యాణి చేతిల ఫోన్ చూపెట్టింది. "దద్దుర్ల సూది తీస్కొని ఉరికిరమ్మని ఫోన్ చేసిన. ఆమె పేరు కూడ చెప్పిన."

"ఎవరికి?"

అడిగిందే గని, జవాబు అనితకు ఎరుకనే. బందుల తెరిచి ఉండేవి మందుల షాపులొక్కటే. ఈ గల్లీ మూల మీద ఒక్కటే మందుల షాపు.

"బావకు" అన్నది కల్యాణి. "ఫోన్ చేసినంక గద అక్కా, ఆమె బావ పేరు తీసింది!"

షట్టర్ కింద వెలుగుల రెండు కాళ్లు ఆగినయి. గోధుమరంగు చెప్పులు. పోయిన నెల అనితనే కొనిచ్చింది. నడుం వంగింది, సుభాష్ లోపలికొచ్చిండు. ఒక చేతుల సూది, ఇంకో చేతుల చిన్న మందు సీసా. కుర్సీల ఈల ఊపిరి తీస్తున్న శ్రీలతను చూసిండు. కల్యాణిని చూసిండు. తడిసి ముద్దయి నిలవడ్డ పెండ్లాన్ని చూసిండు. అద్దం ముందటి ఫోన్ మాత్రం ఆయనకు కనవడలే, దాని మీద తువ్వాల కొస పడి ఉన్నది. లోపల అది ఇంకా రికార్డు చేస్తనే ఉన్నది.

"ఏమయ్యా, జల్ది! ఊపిరి ఆడుతలేదు, సూది పొడువు!" అన్నది అనిత.

సుభాష్ సూది పొడువలే. ఎనకకు తిరిగి, షట్టర్ను కాలితోని నేల దాక తొక్కిండు. పార్లర్ల చీకటయింది. ఆ చీకట్లనే, ఎప్పటి మెత్తని గొంతుతోనే అడిగిండు.

"పొడుస్త. ముందుగాల గిది చెప్పు అనితా. ఈమె ఏమన్న మాట్లాడిందా?"